స్టీమ్ టేబుల్‌లో అంకె ఎత్తే ముందు ఆవిరి స్థితి తేల్చుకోండి

డిప్లొమా మెకానికల్ పిల్లలకు సాయంత్రాలు థర్మోడైనమిక్స్ చెబుతుంటాను. ఒక్కో ప్రెషర్ దగ్గర నీటికీ ఆవిరికీ ఉండే అంకెల పట్టిక, అదే స్టీమ్ టేబుల్, చేతికివ్వగానే చాలామంది ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి అంకె రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. అది ఇంకా నీరేనా, తడి ఆవిరా (నీరు కలిసినది), పొడి ఆవిరా (నీరు అసలు మిగలనిది), సూపర్‌హీట్ అయిందా (మరిగే ఉష్ణోగ్రత దాటి వేడెక్కినదా) అన్నది ముందు తేలాలి. అది తేలితే ఏ పేజీ తిప్పాలో మీకే తెలుస్తుంది.

మొదట ప్రెషర్ సరిచూసుకోండి. చక్కెర మిల్లు బాయిలర్ హౌస్‌లో చేరిన కొత్తలో గేజ్ 9 బార్, థర్మామీటర్ 180 డిగ్రీలు చూపించాయి. టేబుల్‌లో 9 బార్ వరుసలో మరిగే ఉష్ణోగ్రత 175.4 అని ఉంది. నాలుగున్నర డిగ్రీలు సూపర్‌హీట్ అని లాగ్‌బుక్‌లో రాశాను. మా ఫోర్‌మన్ గారు చూసి, "బయటి గాలి ప్రెషర్ ఎవరు కలుపుతారు బాబూ?" అన్నారు. గేజ్ చూపేది గాలి ప్రెషర్‌కు పైన ఉన్నది మాత్రమే, టేబుల్‌లో ఉండేది మొత్తం ప్రెషర్. 9కి 1 కలిపి 10 బార్ వరుస చూస్తే 179.9 ఉంది. అంటే సూపర్‌హీట్ అన్నది అసలు లేనే లేదు.

ఇక పోలిక. మీ ఉష్ణోగ్రత మరిగే ఉష్ణోగ్రత కంటే తక్కువైతే అది నీరే. ఎక్కువైతే సూపర్‌హీట్ టేబుల్‌కు వెళ్లండి. ఈ రెండూ తేలికే. ఉష్ణోగ్రతలు రెండూ సమానమైతేనే జాగ్రత్త పడాలి, ఎందుకంటే మరుగుతున్నంతసేపూ ప్రెషర్, ఉష్ణోగ్రత ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మంట ఎంత పెంచినా ఇడ్లీ పాత్రలో నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. వేడంతా ఆవిరి కావడానికే పోతుంది, 1 బార్ దగ్గర కిలోకు సుమారు 2258 కిలోజౌళ్లు. అందుకే ఎంత నీరు ఆవిరైందో చెప్పాలంటే మరో అంకె కావాలి.

ఆ పాత్ర మూత చిల్లు దగ్గర ఒకసారి గమనించండి. చిల్లును ఆనుకుని కాస్త మేర ఏమీ కనిపించదు. అసలైన ఆవిరి అక్కడే ఉంది. దాని పైన తెల్లగా లేచేది చల్లబడి చుక్కలైన నీరు.

ఇప్పుడు లెక్క. 10 బార్ దగ్గర కిలో ఆవిరి 0.15 ఘనపు మీటర్లు ఆక్రమించిందనుకోండి. టేబుల్‌లో నీటికి 0.001127, పొడి ఆవిరికి 0.1943 ఉంటాయి. మనది మధ్యలో ఉంది కాబట్టి తడి ఆవిరి. 0.15లోంచి 0.001127 తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి తేడాతో భాగించండి. డ్రైనెస్ ఫ్రాక్షన్, అంటే మొత్తం బరువులో ఆవిరైన భాగం, 0.77 వస్తుంది. దాన్ని గుప్తోష్ణం (కిలో మరిగే నీరు పూర్తిగా ఆవిరి కావడానికి పట్టే వేడి) 2013.6తో గుణించి, నీటి ఎంథాల్పీ (లోపలున్న వేడి లెక్క) 762.6 కలిపితే మన తడి ఆవిరి ఎంథాల్పీ సుమారు 2313 కిలోజౌళ్లు. జవాబు నీటి 762.6కూ పొడి ఆవిరి 2776.2కూ మధ్య పడకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే, మళ్లీ గేజ్ దగ్గర నుంచి చూసుకోండి.

0.77 అంటే కిలోలో 230 గ్రాములు ఇంకా నీరే. టర్బైన్‌లోకి అంత తడి వెళ్తే బ్లేడ్ల అంచులు అరిగిపోతాయి.