పాత డిస్కులు మార్చిన విధానం: నా అనుభవం

మా ఇంటి ఫైల్ సర్వర్‌లో రెండు 4 టీబీ డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ (ఒక ఫైల్ సిస్టమ్) మిర్రర్‌లో ఉండేవి, అంటే ఒకే డేటా రెండింటిలోనూ ఉండేది. అమ్మానాన్నల పెళ్లి ఫోటోల స్కాన్‌లు, పిల్లల వీడియోలు అన్నీ అందులోనే. ఒకరోజు డిస్కు ఆరోగ్యాన్ని చెప్పే స్మార్ట్ రిపోర్టులో ఒక డిస్కుకి 16 పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేకపోతున్న భాగాలు) కనిపించాయి. సున్నా ఉండాల్సిన చోట అది. చాలా టెన్షన్ పడ్డాను.

ముందు బయటి డిస్కులోకి బ్యాకప్ తీశాను. మిర్రర్ ఉంది కదా అని ఈ పని మానేయకండి, పొరపాటున చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ పోతుంది.

తర్వాత 8 టీబీవి రెండు కొన్నాను, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమే. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదకి ఒకటి వస్తాయి. ఆగకుండా రాయాల్సి వచ్చినప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి, రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నింపడం) రోజుల తరబడి సాగవచ్చు. ధర కాస్త తక్కువైనా వాటి జోలికి పోలేదు.

డిస్కు తగిలించే సాటా పోర్టు ఒకటి ఖాళీగా ఉండటం కలిసొచ్చింది. పాతది తీయకుండానే కొత్తది తగిలించి, రీప్లేస్ కమాండ్ ఇచ్చాను. 9 గంటలు పట్టింది. అది పూర్తయ్యాకే, సీరియల్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని పాతది తీశాను. రెండోదీ అలాగే.

అయినా సైజు 4 టీబీ దగ్గరే ఆగింది! పెద్ద డిస్కులు పెడితే సైజు దానంతటదే పెంచే ఆటోఎక్స్‌పాండ్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి, రెండు డిస్కులకూ ఎక్స్‌పాండ్ కమాండ్ ఇస్తే పెరిగింది. చివరగా స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే తనిఖీ) నడిపాను, ఒక్క ఎర్రరూ రాలేదు.