పెంచుకున్న పిల్లిని వేరే ఇంటికి ఇవ్వాలంటే, ముందు దాని చెడ్డ అలవాట్లు చెప్పండి

మా పిల్లి బూడిదను నేను రెండుసార్లు ఇచ్చాను. మొదటిసారి వెళ్లిన తొమ్మిదో రోజే తిరిగి వచ్చేసింది. తప్పు దానిది కాదు, తీసుకెళ్లినవాళ్లదీ కాదు. నాదే.

బూడిద మగపిల్లి, అప్పటికి ఆరేళ్లు. పేరుకి తగ్గ రంగు, తెల్ల గెడ్డం. మా చిన్నవాడికి ఆస్తమా. బొచ్చు వల్ల పడట్లేదని అంటుంటాం గానీ, అసలు గొడవంతా ఫెల్ డి 1 అనే ప్రొటీన్‌ది. పిల్లి ఉమ్మిలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ ఉంటుంది. ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకి అంటి, ఆరి, గాల్లో తేలుతుంది. పడగ్గదిలోకి రానివ్వలేదు, గాల్లోని సన్నటి దుమ్ముని పట్టే హెపా ఫిల్టర్ పెట్టాం, తివాచీలు తీసేశాం. నాలుగు నెలలు చూశాం. వాడి రాత్రి దగ్గు తగ్గలేదు. ఇక తప్పదని డాక్టర్ అన్నాక ఒప్పుకున్నాను.

మీ కారణం కూడా ఒకసారి ఇలాగే తిరగేసి చూడండి. కొన్నిటికి పిల్లిని పంపక్కర్లేదు. మలమూత్రాలకి పెట్టిన ఇసుక ట్రే వదిలేసి బయట పోస్తోందంటే ముందు పశువుల డాక్టర్‌కి చూపించండి, మూత్రంలో ఇబ్బంది ఉన్న పిల్లులు అలాగే చేస్తాయి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రావట్లేదంటే అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు, వెంటనే పరిగెత్తాలి. గోడల మీద మూత్రం చిమ్మే అలవాటు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయిస్తే చాలా పిల్లుల్లో తగ్గిపోతుంది. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే పిల్లిని పంపెయ్యమని పెద్దవాళ్లు పట్టుబడతారు. వాళ్ల భయం పిల్లి మలం నుంచి అంటుకుని కడుపులో బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. ఆ క్రిమి మలంలో బయటపడ్డాక ఒకరికి అంటుకునే దశకి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. కాబట్టి ట్రే పని ఆవిడ చేయకుండా, ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే పిల్లి ఇంట్లోనే ఉండొచ్చు.

ఇక నా తప్పు సంగతి. బూడిదకి రెండు దుర్గుణాలు. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు గీకుతుంది. బాత్‌రూమ్ నేల మీద మెత్తటి మ్యాట్ కనిపిస్తే చాలు, పోసేస్తుంది. డాక్టర్‌కి చూపించాం, పరీక్షలు చేయించాం, జబ్బేమీ లేదు. ఉత్త మొండితనం. మ్యాట్ తీసేస్తే ఆ గొడవే లేదు. కానీ మొదటివాళ్లకి ఈ ముక్క చెప్పలేదు. చెప్తే వద్దంటారేమోనని భయం. "చాలా బుద్ధిమంతుడండీ" అన్నాను, ఏ కళనున్నానో. వాళ్లింట్లో మూడు బాత్‌రూములు, మూడింట్లోనూ మ్యాట్‌లు. తొమ్మిదో రోజు పిల్లిని మోసుకెళ్లే పెట్టె, అదే క్యారియర్, మా గుమ్మంలో పెట్టి, పాపం వాళ్లే నాకు సారీ చెప్పి వెళ్లారు. క్యారియర్ తలుపు తీశాక కూడా బూడిద గంటసేపు బయటికి రాలేదు.

రెండోసారి అన్నీ ముందే చెప్పాను. ఆ రెండు దుర్గుణాలూ విన్నాక ఇద్దరు తప్పుకున్నారు. తప్పుకోవడమే మేలు. మూడో ఆవిడ రిటైరైన టీచర్. "నాలుగింటికి నేనెలాగూ లేస్తాను. మ్యాట్ ఎత్తి మేకుకి తగిలిస్తే సరిపోతుందా?" అని అడిగారు. నాకు అక్కడే సగం టెన్షన్ దిగిపోయింది.

మీరు కూడా అడగాల్సినవి అడగండి, మొహమాటపడొద్దు. ఇంతకుముందు పెంచిన పిల్లి ఏమైంది? ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఒక్కరి ముచ్చటా? మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు? కిటికీలకి, బాల్కనీకి జాలీ ఉందా? పూలకుండీలో లిల్లీలు ఉంటే తీసేయాలని చెప్పండి, వాటి పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. జ్వరం వచ్చిందేమోనని పారాసెటమాల్ ముక్క వేసే మనుషులుంటారు, పిల్లికి అది విషం. మాటల్లో ఎంత మంచివాళ్లనిపించినా ఇల్లు చూడకుండా మాత్రం ఇవ్వొద్దు. గుమ్మం దగ్గరికి వచ్చి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, ఇప్పుడే ఇచ్చేయండి అనేవాళ్లని నేను నమ్మను. రెండు పిల్లులు ఒకదాన్నొకటి వదలకుండా పెరిగి ఉంటే, ఆలస్యమైనా సరే, రెండిటినీ ఒకే ఇంటికి ఇవ్వండి.

కాగితాల పని పెద్దదేం కాదు. టీకాల కార్డు, ఆపరేషన్ వివరాలు, వాడిన మందులు ఒక కవర్లో పెట్టండి. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే దాని 15 అంకెల నంబర్ మీద రికార్డులో మీ పేరు తీయించి వాళ్ల పేరు ఎక్కించండి. ఇది మర్చిపోతే రేపు పిల్లి తప్పిపోయినప్పుడు ఫోన్ మీకు వస్తుంది. కుదరకపోతే నాకే తిరిగి ఇవ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అని ఒక వాక్యం రాసి ఇద్దరం సంతకం పెట్టుకున్నాం.

పంపడానికి రెండు వారాల ముందే క్యారియర్ తెరిచి హాల్లో పెట్టాను, లోపల అది పడుకునే పాత దుప్పటి వేసి. ఆ దుప్పటి ఉతకొద్దు. మురికి బట్ట ఇస్తే ఏమనుకుంటారోనని నేను మొదటిసారి శుభ్రంగా ఉతికి మడతపెట్టి ఇచ్చాను చూడండి, అదింకో తెలివితక్కువ పని. పిల్లికి ఇల్లంటే సగం వాసనే. బుగ్గలు రుద్ది రుద్ది అది పూసుకున్న వాసనంతా సబ్బు పెట్టి వదిలించేశాను. రెండోసారి ఆ దుప్పటి, అది గీకిన చెక్క, ట్రే, తినే గిన్నె అన్నీ ఉన్నవి ఉన్నట్టే పంపాను. ట్రేలో పోసే లిట్టర్ కూడా అదే రకం. తిండి మార్చాలనుకుంటే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోమన్నాను.

ఒక కాగితం కూడా రాసిచ్చాను. అందులో ఉన్నది ఉన్నట్టు:

"వీపు నిమిరితే ఇష్టం, పొట్ట ముట్టుకుంటే కరుస్తాడు. తోక నేలకేసి కొడుతుంటే వదిలేయండి. గిన్నె ట్రేకి దూరంగా ఉండాలి. మిక్సీ వేసే ముందు ఒక మాట చెప్పండి, నిజంగానే చెప్పండి, లేచి వేరే గదికి వెళ్తాడు. మ్యాట్ మేకుకి."

ఆ రోజు క్యారియర్ మీద పల్చటి గుడ్డ కప్పి నేనే తీసుకెళ్లాను. ఇల్లంతా ఒకేసారి వదలకుండా ఒక చిన్న గదిలో ఒక మూల ట్రే, ఇంకో మూల నీళ్లు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టించాను. బూడిద తిన్నగా మంచం కిందికి పోయింది. లాగొద్దని, నేల మీద కూర్చుని ఏదో పుస్తకం చదువుకుంటూ ఉండమని ఆవిడకి చెప్పాను. కళ్లు కలిస్తే మెల్లగా రెప్పలు వాల్చి తెరవమన్నాను, చాలా పిల్లులు తిరిగి అలాగే చేస్తాయి.

మొదటి రోజు తినకపోవడం మామూలే. కానీ 24 గంటలు దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, రెండు రోజులదాకా ఊరుకోకూడదు. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. బూడిద లావే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లవారుజామున మూడున్నరకి ఆవిడ ఫొటో పంపారు. ఖాళీ గిన్నె.

బయట తిరిగే అలవాటున్న పిల్లిని కనీసం మూడు, నాలుగు వారాలు తలుపు దాటనివ్వకూడదు. ముందే వదిలితే పాత ఇంటిని వెతుక్కుంటూ పోతుంది.

అన్నిటికన్నా కష్టం, వెంటనే చూడ్డానికి వెళ్లకుండా ఉండటం. మొదటి వారంలో రెండుసార్లు చెప్పులేసుకుని మళ్లీ విప్పేశాను. ఆరుతున్న పుండుని గీకినట్టవుతుంది, దానికైనా, నాకైనా. చిన్నవాడైతే ఖాళీ మూల చూసి ఏడ్చాడు, నా దగ్గు వల్లే కదా అన్నాడు. కాదని ఆ రాత్రి చాలాసేపు చెప్పాల్సి వచ్చింది. మీ ఇంట్లో పిల్లలుంటే పంపే ముందే కూర్చోబెట్టి మాట్లాడండి, నాలాగా తర్వాత కాదు.

మూడు నెలలాగి వెళ్లాను. బూడిద వచ్చి నా సంచీ వాసన చూసింది, చెయ్యి చూసింది, ఒకసారి బుగ్గ రుద్దింది. తర్వాత వెళ్లి ఆవిడ కుర్చీ కింద పడుకుంది. కాళ్లు కడుక్కుందామని బాత్‌రూమ్‌లోకి వెళ్తే, మ్యాట్ మేకుకి వేలాడుతోంది.