15 పేజీల మాంగా గీయడం: అకిరా తొరియామా పనితీరు నుంచి

మాంగా అంటే జపాన్ బొమ్మల కథ. అకిరా తొరియామా గీసిన మాంగా డ్రాగన్ బాల్ 1984 నుంచి 1995 దాకా జపాన్ వారపత్రిక వీక్లీ షోనెన్ జంప్‌లో వచ్చింది. మొత్తం 519 అధ్యాయాలు, పుస్తకాలుగా 42 సంపుటాలు. అధ్యాయానికి ఇంచుమించు 15 పేజీలు. ఇంత గీతకు తొరియామా దగ్గర పెద్ద బృందం కూడా లేదు, ప్రధానంగా ఒక్క సహాయకుడు. తను బద్ధకస్తుణ్ణని ఆయనే చెప్పుకునేవారు. ఆ బద్ధకంలో లెక్క ఉంది: పాఠకుడి కన్ను ఆగని చోట శ్రమ పెట్టకపోవడం. కొత్తగా గీసేవాళ్లు మొదటి మూడు పేజీల్లో ప్రతి ఇటుకా గీసి, నాలుగో పేజీకి వదిలేస్తారు. కాబట్టి ఎక్కడ గీయకూడదో ముందే తేల్చుకోవాలి.

ముందు నేమ్

నేమ్ అంటే ప్యానెళ్లు (పేజీలోని బొమ్మల గళ్లు), మాటలు, పాత్రల చోటు మాత్రమే చూపే చిత్తు ప్రతి. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కనిపిస్తాయి. తెలుగులో ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి మొదటి పేజీ కుడివైపు పడుతుంది, 2-3, 4-5 జంటలవుతాయి. అంటే బేసి పేజీ అయ్యాకే పాఠకుడు కాగితం తిప్పుతాడు. 15 పేజీల్లో అలాంటి మలుపులు ఏడే. తలుపు చప్పుడు 5వ పేజీ చివరి ప్యానెల్లో, వచ్చిందెవరో 6వ పేజీ మొదటి ప్యానెల్లో ఉండాలి. రెండూ ఎదురెదురు పేజీల్లో పడితే కన్ను ముందే అటు వెళ్లిపోతుంది, ఉత్కంఠ చచ్చిపోతుంది. జపాన్ మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక అక్కడి పేజీ అమరికను మక్కీకి మక్కీ దించుకోకండి.

పేజీకి 4 నుంచి 6 ప్యానెళ్లు చాలు, కొట్లాట పేజీకి 3 ఉన్నా సరే. వరుసల మధ్య ఖాళీ 6 మి.మీ., ఒకే వరుసలోని ప్యానెళ్ల మధ్య 3 మి.మీ. ఉంచండి. రెండూ సమానంగా ఉంటే పాఠకుడు పక్కకు వెళ్లాలో కిందికి దిగాలో తెలియక తడబడతాడు.

కొట్లాటలో తొరియామా గీత ఎంత వేగంగా ఉన్నా అయోమయం ఉండదు. దెబ్బ ఏ దిక్కుగా పడిందో, తిన్నవాడు తర్వాతి ప్యానెల్లో అదే దిక్కుగా ఎగిరిపోతాడు. మధ్యలో కోణం తిప్పేస్తే ఎవరు ఎవర్ని కొట్టారో అర్థం కాదు. అప్పుడు ఎన్ని వేగగీతలు గీసినా లాభం లేదు.

నేమ్‌ను ఇంకొకరి చేత చదివించకుండా పెన్ను పట్టకండి. తొరియామాకు మొదట పంపిన పోటీలో బహుమతి రాలేదు. కానీ జంప్ పత్రికను వేసే షూయేషా సంస్థ ఎడిటర్ కజుహికో తొరిషిమా కంట్లో ఆయన గీత పడింది. ఆ తర్వాతి కాలంలో ఈ ఎడిటర్ తిరగ్గొట్టిన పేజీలే వందల్లో ఉన్నాయి. డ్రాగన్ బాల్‌కు ముందు తొరియామా గీసిన డాక్టర్ స్లంప్‌లో శాస్త్రవేత్తను కాదు, ఆయన తయారుచేసిన రోబో పిల్ల అరాలేను ముందు నిలబెట్టమన్నది కూడా తొరిషిమాయే. (కక్ష తీర్చుకోవడానికేమో, తొరిషిమా పేరు తిరగేసి మషిరితో అనే విలన్‌ను పెట్టారు తొరియామా.) మీకు ఎడిటర్ లేకపోతే, కథ తెలియనివాళ్లకు నేమ్ ఇచ్చి, మీరు నోరు మెదపకుండా గమనించండి. వాళ్లు ఏ ప్యానెల్ దగ్గర వెనక్కి వెళ్లారో గుర్తుపెట్టుకుని అక్కడే దిద్దండి. ‘బాగుంది’ అన్న మాటతో ఏ పనీ జరగదు.

వందసార్లు గీయగల బొమ్మ

పేజీకి 5 ప్యానెళ్లయితే మొత్తం 75. హీరో వాటిలో 50 చోట్ల ఉన్నాడనుకోండి, చొక్కాకు 12 గుండీలు పెడితే 600 గుండీలు గీయాలి. డ్రాగన్ బాల్ హీరో గోకు సూపర్ సయాన్ అనే మరింత బలమైన రూపంలోకి మారాక అతని జుట్టు తెల్లగా వదిలేయడానికి ఒక కారణం ఇదే. నల్లజుట్టుకు ఇంకు నింపడంలో సహాయకుడి సమయమంతా పోయేది. మార్పు మాత్రం పాఠకుడికి ఒక్క చూపులో తెలిసిపోయింది. మీ పాత్రను బొమ్మ అంతా నల్లగా నింపి చూడండి. అప్పుడూ ఎవరో పోల్చుకోగలిగితే ఆ రూపం పనికొస్తుంది.

నేపథ్యంలోనూ ఇదే లెక్క. ఊళ్లు గీయడం ఇష్టం లేక ఆయన కొట్లాటలను బండరాళ్ల మైదానాలకు తీసుకెళ్లారు. అయితే సీను మొదలైన ప్యానెల్లో చోటు మొత్తం ఒకసారి కనిపించి తీరాలి. దాన్ని ఎగ్గొడితే పాత్రలు గాల్లో తేలుతున్నట్టుంటాయి.

కాగితం, ఇంకు

పత్రికల వాళ్ల కొలత బీ4 కాగితం, లోపలి చట్రం 180×270 మి.మీ. అచ్చులో అది దాదాపు 82 శాతానికి తగ్గుతుంది. ఇక్కడ ఏ4 సులువుగా దొరుకుతుంది కాబట్టి దానిమీద 182×257 కోతగీత (అచ్చయ్యాక కాగితం కత్తిరించే చోటు), లోపల 150×220 చట్రం గీసుకోండి. ఇది అచ్చులో తగ్గదు, చేతి వణుకు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. జిరాక్స్ కాగితం మీద ఇంకు పాకుతుంది, గరుకు కాగితానికి పాళీ తగులుకుంటుంది. నున్నటి, 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల) కాగితం తీసుకోండి.

జీ-పెన్ (ఇంకులో ముంచి గీసే పెన్ను) పాళీ కొత్తదైతే పైన నూనె పూత ఉంటుంది, ఇంకు నిలవదు. సబ్బునీళ్లతో కడిగి తుడవండి. నీటికి చెదరని డ్రాయింగ్ ఇంకే వాడాలి. వరుస ఇది: గీతలు, పూర్తిగా ఆరాక రబ్బరు, ఆ తర్వాతే నలుపు నింపడం. ముందే నింపితే రబ్బరు రుద్దినప్పుడు నలుపు వెలిసిపోతుంది.

తెలుగు మాటల బుడగలు

జపాన్ అక్షరాలు నిలువుగా దిగుతాయి, అందుకే అక్కడి బుడగలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. వాటిలో తెలుగు పెడితే ప్రతి పదం విరుగుతుంది. అడ్డంగా వెడల్పుగా గీయండి. వాక్యాలు ముందు రాసుకుని, వాటి చుట్టూ బుడగ గీయాలి, బుడగ గీసి మాటలు ఇరికించకూడదు. బుడగకు 3 వరుసలు, 8-10 పదాలు దాటనివ్వకండి. అచ్చులో అక్షరం 9 పాయింట్లకు తగ్గితే వత్తులు ముద్దవుతాయి. వరుసల మధ్య ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ జాగా వదలండి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

స్కాన్, అచ్చు

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నలుపు-తెలుపు మాత్రమే. చుక్కల టోన్ (నీడ కోసం వేసే సన్నటి చుక్కలు) వేశాక పేజీ సైజు మార్చితే చుక్కలు కలిసి అలల్లా గళ్లు పడతాయి. కాబట్టి తుది సైజు ఖాయమయ్యాకే టోన్ వేయండి. ఫోన్‌లో చదివించేదైతే చుక్కలు మానేసి నున్నటి బూడిదరంగు వాడండి. పేజీ అంచు దాకా వెళ్లే బొమ్మను కోతగీత దాటి ఇంకో 5 మి.మీ. సాగదీయాలి. లేదంటే కోత ఒక్క వెంట్రుకవాసి తప్పినా తెల్లటి అంచు పడుతుంది.