పెద్ద పండక్కి ఇంటిల్లిపాదీ కలిసి బొమ్మల సినిమా చూడాలంటే

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పండక్కి మా అక్క పిల్లలు, తమ్ముడి పిల్లలు అందరూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగీసి ఇంటికొచ్చేస్తారు, రెండు రోజులు బాగానే ఆడతారు, మూడోరోజుకి ఎవడి ఫోన్ వాడిదే. అప్పుడు ఎవరో ఒకరు "ఆ టీవీలో ఏదో బొమ్మల సినిమా పెట్టీండ్రా, గుంటలు కుదురుగా కూర్చుంటారు" అంటారు. నేను ముందు చెప్పేది ఇదే, పిల్లల్ని కూర్చోబెట్టడానికి సినిమా పెట్టకండి. పెద్దోళ్లు కూడా వచ్చి కూర్చునేలా పెట్టండి, ముఖ్యంగా అమ్మమ్మ. ఆవిడ కూర్చుంటే ఆ సినిమా వేరేగా ఉంటాది, నాలుగేళ్లుగా చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ముందు ఏ రోజు పెట్టాలో చూసుకోండి. భోగి రోజు వద్దు, తెల్లారి మూడింటికి లేచిన పిల్లలు సాయంత్రానికి తూలిపోతారు. సంక్రాంతి రోజు పెద్దలకి బట్టలు పెట్టుకోవడం, వచ్చేపోయే చుట్టాలు, ఇంట్లో ఆడోళ్లకి ఊపిరాడదు. కనుమ రాత్రి మాంసం కూర తిన్నాక ఎవరికీ కళ్లు తెరుచుకోవు. ముక్కనుమ సాయంత్రం బాగుంటాది, ఆరింటికి చీకటి పడిపోద్ది, గంటన్నర సినిమా అయితే ఎనిమిదిలోపు అన్నాలకి లేచిపోవచ్చు. గంటన్నర అన్నది గుర్తుపెట్టుకోండి, రెండున్నర గంటలది పెడితే చిన్నోళ్లు మధ్యలోనే లేచిపోతారు.

తర్వాత భాష. తెలుగు ఆడియో ఉంటే ఇంకేం ఆలోచించకుండా అదే పెట్టండి, హైదరాబాద్ పిల్లలు "ఇంగ్లీష్‌లో బాగుంటుంది మావయ్యా" అంటారు, వినకండి. 2019లో వచ్చిన లయన్ కింగ్ తెలుగులో సింబాకి నాని, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతులు ఇచ్చారు. మా ఇంట్లో అది పెట్టినప్పుడు అమ్మమ్మ అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి చూస్తంది, పుంబా నోరు తెరవగానే "ఇది బ్రహ్మానందం కాదేటి" అనుకుంటూ లోపలికొచ్చి మంచం మీద కూర్చుండిపోయింది. తెలిసిన గొంతు వినబడితే చాలు, అడవి పంది అయినా మన మనిషే.

తెలుగు లేకపోయినా వదిలీయకండి. మేము పోయినేడు క్లౌస్ చూసాం, అది కూడా 2019దే, స్పెయిన్‌కి చెందిన సెర్జియో పాబ్లోస్ తీసింది. క్రిస్మస్ తాత కథ, మరి మన పండక్కి ఏటి అంటారేమో, కథ మాత్రం ఒక పోస్ట్‌మేన్‌ది. డబ్బున్నోళ్ల కుర్రోడు, పని చేతకాదు, వాళ్ల నాన్న వాణ్ణి మంచు దేశంలో ఒక మూల ఊరికి పంపించి ఏడాదిలో 6000 ఉత్తరాలు పంపించాలి అంటాడు. ఆ ఊళ్లో రెండు వర్గాలు తాతల కాలం నించి కొట్టుకుంటున్నాయి, ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఇంక ఉత్తరాలు ఎవరు రాస్తారు.

దీనికి నేను చేసింది ఏంటంటే, సినిమా మొదలవకముందే అమ్మమ్మకి ఈ నాలుగు ముక్కలు చెప్పీసాను. అంతే, మధ్యలో ప్రతి మాటా తెలుగులోకి చెప్పలేదు. మధ్యలో చెప్తూ ఉంటే చెప్పేవాడూ చూడడు, వినేవాళ్లూ చూడరు, పక్కనోళ్లకి చిరాకు. మొదట మంచు ఊరు చూపించగానే ఆవిడ "ఏట్రా, ఊరంతా సున్నం కొట్టీసినారేటి?" అంది, పిల్లలు ఒకటే నవ్వు, కానీ పండక్కి ముందు సున్నం వేసుకునే మనిషికి తెల్లటి ఊరు ఇంకెలా కనబడుతుంది చెప్పండి. మా తాతయ్య టపా సంచి పట్టుకుని సైకిల్ మీద తిరిగినాయనే, అందుకని ఆ కుర్రోడు బుర్ర గోక్కుంటుంటే "కార్డుముక్క లేకపోతే జీతమెవడిస్తాడు" అని ఆవిడకే అందరికంటే ఎక్కువ బాధ.

ఇందులో ఇంకో సంగతి ఉంది. సామి అనే భాష మాట్లాడే చిన్న గుంట ఒకత్తి వస్తాది, ఆ పిల్ల ఏం చెప్తోందో ఆ పోస్ట్‌మేన్‌కి ఒక్క ముక్క అర్థం కాదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలకీ అర్థం కాలేదు. అమ్మమ్మ మాత్రం "బొమ్మ కావాలంటందిరా" అనీసింది. మొహం చూసి చెప్పింది. మంచి బొమ్మల సినిమాలో సగం కథ కళ్లలో, చేతుల్లో, నడకలోనే ఉంటాది, అలాంటిది ఎంచుకుంటే భాష అంత అడ్డం రాదు.

ఇంక టీవీ సంగతి. నెట్‌ని నమ్ముకోకండి, పండగ రోజుల్లో ఊరంతా ఫోన్లే కదా. ముందురోజు డౌన్‌లోడ్ చేసీసి, నెట్ ఆపి ఒకసారి ప్లే చేసి మీకు కావలసిన భాష వస్తోందో లేదో చూసుకోండి, ఇది చూసుకోకే మేము ఒకసారి హిందీలో చూడాల్సొచ్చింది. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ మోడ్‌ని సినిమాకి మార్చండి. మోషన్ స్మూతింగ్ లాంటిది ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపీయండి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, చేత్తో గీసిన సినిమాల్లో చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు, ఆ కదలికలో ఒక విరుపు ఉంటాది, టీవీ తెలివి చూపించి మధ్యలో తన బొమ్మలు దూర్చితే ఆ విరుపు పోయి అంచులు అలికీసినట్టు అయిపోతాయి. క్లౌస్ కూడా చేత్తో గీసిందే, దానిమీద వెలుగునీడలు తర్వాత కంప్యూటర్లో వేసారు, దీపం వెలుగు మొహం మీద పడే సీన్లు వస్తే లైట్లన్నీ ఆపి చూడండి, ఎంత బాగుంటాదో.

కూర్చోవడం విషయంలో ఒకటే మాట, పెద్దోళ్లకి మధ్యలో చోటు ఇవ్వండి, పిల్లలు చుట్టూ చాప మీద. మూలకి కుర్చీ వేస్తే వాళ్లు పది నిమిషాలకి వంటింట్లోకెళ్లిపోతారు. వంట ముందే అయిపోవాలి, లేకపోతే మా వదిన లాంటోళ్లు సినిమా అంతా గోడకవతల నించి వినడమే. తినడానికి పోకుండలు, జంతికలు, పలాస జీడిపప్పు ఎలాగూ ఉంటాయి, ముందే గిన్నెల్లో పంచీయండి, స్టీలు డబ్బా మూత చప్పుడు సరిగ్గా ఏడుపు సీన్‌లోనే వస్తాది.

సగం దగ్గర ఒక్కసారి ఆపండి, నీళ్లకీ బాత్రూమ్‌కీ. చివర్లో కథ బరువెక్కుద్ది, చిన్నోళ్లు "ఏమైంది" అని అడిగితే వెంటనే జవాబు చెప్పీయకండి, కాసేపు వాళ్లనే అనుకోనీయండి. పేర్లు పడుతుంటే కూడా టీవీ కట్టీయొద్దు, అన్ని వందల మంది కలిసి గీసారని పిల్లలు అక్కడే చూస్తారు.

మర్నాడు ఒక పని పెట్టండి. పాత నోట్‌బుక్ మూలలో పేజీకొక బొమ్మ, ఒక్కోదాన్నీ కాస్త కాస్త మార్చి గీసుకుంటూ 24 పేజీలు, గబగబా తిప్పితే బొమ్మ కదిలినట్టు ఉంటాది. మా పిల్లలు గంగిరెద్దు తల ఊపడం గీసారు, పొద్దున్న వచ్చినదాన్ని చూసి. 24 పేజీలు అయ్యేసరికి మధ్యాహ్నం అయిపోయింది, తిప్పితే రెండు సెకన్లు. మా తమ్ముడి కూతురు "ఇంతేనా?" అని మొహం వేలాడేసింది. అమ్మమ్మ బొటనవేలు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టినట్టు గబగబా తిప్పింది, మళ్లీ వెనక నించి తిప్పింది, "ఇటు తిప్పినా ఊపుతందే" అంది.