పొరపాటున వరుసలు తొలగిపోకుండా సరిచేసిన విధానం

మా మొబైల్ యాప్ జాబితాలో ప్రతి వరుస చివర సవరించు, తొలగించు గుర్తులు పక్కపక్కనే ఉండడం వల్ల, సవరించబోయిన వారి వేలు తరచూ తొలగించు మీద పడేది. లక్ష్యం చిన్నదయ్యే కొద్దీ దాన్ని అందుకోవడం కష్టమని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే చూపించారు. అందుకే ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో 24 డీపీ (తెరపై పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) గుర్తును అలాగే ఉంచి, అన్ని వైపులా 12 డీపీ ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇచ్చి, తాకే ప్రాంతాన్ని గూగుల్ డిజైన్ మార్గదర్శకాలైన మెటీరియల్ డిజైన్ సూచించే 48 డీపీకి పెంచాను. తొలగించు గుర్తును మూడు చుక్కల మెనూలోకి మార్చాను. తొలగించిన తర్వాత తెర అడుగున కొద్దిసేపు ‘చర్యను రద్దు చేయి’ కనిపించేలా పెట్టాను, ‘నిజంగా తొలగించాలా?’ అని ప్రతిసారీ అడిగే పెట్టెకన్నా ఇదే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అలవాటుపడిన వేలు ఆ ప్రశ్నను చదవకుండానే ‘సరే’ నొక్కేస్తుంది.