జనక్‌పూర్‌ రైలెక్కాలంటే ఏ కార్డు కావాలి?

సీతమ్మ పుట్టింటికి రైల్లో వెళ్లే వీలు మళ్లీ వచ్చింది. బీహార్‌లోని జయనగర్‌ నుంచి నేపాల్‌లోని జనక్‌పూర్‌ మీదుగా కుర్థా వరకు సుమారు 35 కిలోమీటర్లు. పాత చిన్న గేజ్‌ లైను 2014లో ఆగిపోతే, మన దేశం ఇచ్చిన నిధులతో బ్రాడ్‌గేజ్‌ వేసి 2022 ఏప్రిల్‌ 2న రైలును మళ్లీ ప్రారంభించారు.

హైదరాబాద్‌ నుంచి దర్భంగా ఎక్స్‌ప్రెస్‌లో దర్భంగా, అక్కడి నుంచి జయనగర్‌. నేపాల్‌ రైలుకు టికెట్‌ జయనగర్‌ కౌంటర్‌లోనే తీసుకోవాలి. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి. భారతీయులకు వీసా అక్కర్లేదు. ‘నేపాల్‌ పర్మిట్‌ తీయిస్తాం, మనిషికి ఇంత’ అని ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రైల్లో వెళ్లే మనిషికి అలాంటి పర్మిటే లేదు.

మనవాళ్లు ఇరుక్కునేది గుర్తింపు కార్డు దగ్గర. ఊళ్లో అన్నిటికీ ఆధారే కదా, ఇక్కడా అదే చాలనుకుంటారు. చాలదు. 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు మాత్రమే ఆధార్‌ పనికొస్తుంది. మిగతావాళ్లకు పాస్‌పోర్ట్‌ గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే ఫొటో ఉన్న ఆఫీసు కార్డు చెల్లుతుంది. ఇంట్లో ఆయనకు 67, ఆమెకు 61 అనుకోండి. ఆయన ఆధార్‌తో వెళ్లొచ్చు, ఆవిడకు మాత్రం ఓటరు కార్డో పాస్‌పోర్టో కావాలి.

ఆ ఓటరు కార్డు ఒకసారి బయటికి తీసి చూడండి. చాలామంది దగ్గర లామినేషన్‌లోకి తేమ చేరి, ముఖం నల్లటి మచ్చలా మారిన పాత కార్డే ఉంటుంది. పేరు, వయసు ఆధార్‌లో ఒకలా, ఇందులో ఇంకోలా ఉంటాయి. అలా ఉంటే ఫారం-8 పెట్టండి. తప్పులు దిద్దించుకోవడానికీ, పోయిన కార్డు బదులు కొత్తది తెచ్చుకోవడానికీ అదే ఫారం. అసలు ఓటే లేకపోతే ఫారం-6. రెండూ ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో సొంతంగా నింపొచ్చు, చేతకాకపోతే మీ బూత్‌ అధికారికి ఇవ్వొచ్చు. సందేహాలుంటే 1950కి ఫోన్‌ చేయండి. కార్డు పోస్టులో రావాలి కాబట్టి రైలు టికెట్లకంటే ముందు ఈ పని మొదలుపెట్టండి. ఫోన్‌లో ఫొటో ఉందిలే అని ధీమా పడకుండా అసలు కార్డే పట్టుకెళ్లండి.

15 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల సంగతి చాలామంది మర్చిపోతారు. వాళ్లకు ఓటు ఉండదు, ఆధార్‌ చెల్లదు. పాస్‌పోర్ట్‌ లేకపోతే నిర్ణీత నమూనాలో బడి ప్రిన్సిపాల్‌ ఇచ్చిన గుర్తింపు పత్రం ఉండాలి. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు బడి మూసేలోపే తీసుకోండి.

కుటుంబమంతా కలిసి వెళ్తుంటే కొంత వెసులుబాటు ఉంది. పెద్దవాళ్లలో ఒకరి దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే, మిగతావాళ్లు ఫొటోతో పాటు బంధుత్వం తెలిపే ఆధారాలు చూపించవచ్చు. కార్డు రాలేదని మరీ టెన్షన్‌ పడక్కర్లేదు. అయినా ఎవరి కార్డు వాళ్ల దగ్గర ఉంటే అక్కడ వాదన ఉండదు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లల్ని ఈ రైలుకు తీసుకెళ్లకండి. ఇది భారత్‌, నేపాల్‌ పౌరులకు మాత్రమే. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఎక్కనివ్వరు. వాళ్లు నేపాల్‌ వీసాతో విమానంలో కాఠ్మాండూ వెళ్లి, అక్కడి నుంచి జనక్‌పూర్‌ రావొచ్చు.