డిస్కులు జారిపోకుండా ఇంటి సర్వర్: నా అనుభవం

జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (చాలా డిస్కులను కలిపి ఒకే నిల్వగా నడిపే ఏర్పాటు) నుంచి డిస్కులు మాటిమాటికీ జారిపోతుంటే, అంటే సర్వర్‌కు కనబడకుండా పోతుంటే, ముందు మోడల్ నంబర్ చూడండి. నేను తీసేసినవి ఎస్‌ఎంఆర్ రకం. వాటిలో ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి; కొంచెం మార్చాలన్నా పక్క ట్రాకులు మళ్లీ రాయాలి. రీసిల్వర్ (మార్చిన డిస్కులోకి డేటాను తిరిగి నింపే పని) నడుస్తుంటే డిస్కు జవాబివ్వదు, టైమవుట్ అవుతుంది. 4 టీబీ సీఎంఆర్ డిస్కులు (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని రకం) నాలుగు తెచ్చి, రెండేసి మిర్రర్ చేశాక (జతలో రెండింటిలోనూ ఒకే డేటా) ఆ బాధ పోయింది. వాడుకకు మిగిలేది 8 టీబీ లోపే.

వర్చువల్ మెషీన్లకు (వీఎంలు: ఒకే సర్వర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) వేరే ఎస్‌ఎస్‌డీ జత, ర్యామ్ 32 జీబీ. రైడ్ కార్డు (డిస్కులను తనే కలిపి నడిపేది) వద్దే వద్దు, హెచ్‌బీఏ (డిస్కులను నేరుగా సర్వర్‌కు కలిపే కార్డు) చాలు.

నల్లగొండ ఎండల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. డిస్కులకు ఎదురుగా 120 ఎంఎం ఫ్యాన్ బిగించి, వాటి వేడి 50 దాటనీయొద్దు. యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబుల్ తప్పనిసరి: బ్యాటరీ తగ్గగానే ముందు వీఎంలు, తర్వాత హోస్ట్ (అసలు సర్వర్) వాటంతటవే ఆగాలి. మామూలు ఇంటి ఇన్వర్టర్ సర్వర్‌కు ఆ కబురు చెప్పదు.